కదిలిన చెయ్యి, కుదిరిన బొమ్మ

స్టూడియోలో ఫొటో దిగిన ప్రతి మనిషికీ మొదట వినిపించే మాట ‘కదలకండి’. బొమ్మ చెడిపోతే చెప్పే మాట దాని చెల్లెలే: ‘కదిలిపోయింది’. కదలకపోవడం మంచి ఫొటోకు, కదలడం చెడ్డ ఫొటోకు గుర్తుగా మన మాటల్లోనే స్థిరపడిపోయింది. అయితే కుక్కకు ఈ మాట అర్థం కాదు, పిల్లికి అర్థమైనా వినదు. పెంపుడు జంతువుల ఫొటోలు తీసేవాళ్ళ అవస్థంతా ఇక్కడే ఉంది. బిస్కెట్ చూపించి కూర్చోబెట్టాలి, మెడపట్టీ పట్టుకుని నిలబెట్టాలి, రెప్పపాటు నిలిచినప్పుడు టక్కున నొక్కాలి. అలా వచ్చిన బొమ్మలో వెంట్రుకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. ఇంట్లోవాళ్ళు చూసి ‘బాగుంది’ అంటారు. ‘అచ్చం మనదే’ అని మాత్రం చాలాసార్లు అనరు. ఆ రెండు మాటల మధ్య ఉన్న దూరం ఏమిటో, దాన్ని ఎలా దాటాలో ఈ అధ్యాయంలో చూద్దాం. నా వాదన ఇది: జంతువు స్వభావం దాని కదలికలో ఉంటుంది. కెమెరాను కావాలనే కదిలిస్తూ తీసే పద్ధతి ఆ కదలికను బొమ్మలోకి తెస్తుంది. ఫొటోగ్రాఫర్లు దీన్ని ‘ఇంటెన్షనల్ కెమెరా మూవ్‌మెంట్’ అని, పొట్టిగా ఐసీఎం అని పిలుస్తారు. పేరులోని మొదటి మాటే దీనికి ప్రాణం. చెయ్యి ఎలా పడితే అలా ఊగితే అది పొరపాటు. ఏ ఒక్కటి నిలవాలో ముందే తేల్చుకుని, మిగిలినదాన్ని తెలిసి వదులుకుంటే అది కళ.

నడకే గుర్తు

సంతలో ఎద్దును బేరమాడే రైతును గమనించండి. పళ్ళు పట్టి చూస్తాడు, సుడులు వెతుకుతాడు, అయినా అక్కడితో బేరం తెగదు. పగ్గం పట్టి నాలుగడుగులు నడిపించమంటాడు. ముందుకాలు తడబడుతోందా, వెనక కాలు ఈడుస్తోందా, మెడ ఊపులో తేడా ఉందా అన్నవి నిలబడిన ఎద్దు చెప్పదు, నడిచే ఎద్దే చెబుతుంది. పశువైద్యులదీ అదే దారి. కుంటుతున్న జంతువును నొక్కి చూడకముందే నడిపించి చూస్తారు. ఏ కాలు నేలమీద తక్కువసేపు ఆనుతోందో, ఏ అడుగుకు తల ఎగురుతోందో చూసి నొప్పి ఎక్కడుందో పట్టుకుంటారు. తిరుపతిలో 1955లో మొదలైన పశువైద్య కళాశాల నుంచి బయటికొచ్చిన ప్రతి తరం డాక్టర్లకూ ఇది తొలి పాఠాల్లో ఒకటి. రైతుకూ డాక్టరుకూ పనికొచ్చే ఈ సాక్ష్యం ఫొటోగ్రాఫరుకు ఎందుకు పనికిరాకూడదు? ఇంట్లోవాళ్ళకైతే ఇది రోజూ తెలిసిన సంగతే. కరెంటు పోయిన రాత్రి మిద్దె మెట్ల మీద గోళ్ళ చప్పుడు విని ఏ కుక్క వస్తోందో చెబుతారు. వీధి చివర పది కుక్కలున్నా తోక తిప్పే తీరు చూసి తమదాన్ని ఏరుకుంటారు. మనం జంతువును గుర్తుపట్టేది ముఖం చూసి మాత్రమే కాదు. దాని నడక కూడా ఒక ముఖమే.

తిరుపతి చుట్టుపక్కల సీమ పెంపకాల్లో దీనికి అన్నిటికంటే చక్కని ఉదాహరణ పుంగనూరు ఆవు. ఊరి పేరునే ఇంటిపేరుగా మోసే ఈ పొట్టి జాతి ఎత్తు సుమారు 70 నుంచి 90 సెంటీమీటర్లు. అంటే ఎదిగిన ఆవు కూడా మనిషి నడుము దాటదు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో పలమనేరు పశు పరిశోధనా కేంద్రం ఈ జాతిని కాపాడే పని చేస్తోంది. ఒకప్పుడు కరువుసీమ రైతు కొట్టంలో మేపిన ఈ ఆవు ఇవాళ నగరాల్లో కుక్కలాగా, పిల్లిలాగా హాల్లో తిరిగే పెంపుడు జంతువైంది. దీన్ని పక్కనుంచి నిలబెట్టి ఫొటో తీస్తే వెడల్పు నుదురు, చిన్న కొమ్ములు, వెనక్కి వాలిన నడుము, నేలకు తగిలేంత పొడవు తోక, అన్నీ స్పష్టంగా వస్తాయి. ఒక్కటే రాదు: దాని పొట్టితనం. పక్కన మనిషో తలుపో లేకపోతే చూసేవాళ్ళకు అది మామూలు ఆవులాగే కనబడుతుంది. అదే ఆవు వాకిట్లో బుడిబుడి అడుగులు వేస్తున్నప్పుడు సెకనులో పదో వంతు షట్టర్ తెరిచి, కెమెరాను దాని తలతో పాటే తిప్పుతూ తీయండి. నుదురు దాదాపు నిలుస్తుంది. కాళ్ళు విసనకర్రలా విచ్చుకుంటాయి. తోక సన్నటి పొగతీగ అవుతుంది. కాళ్ళకు గజ్జెలు కట్టి ఉంటే, ఎండ తగిలిన ప్రతి మువ్వా ఒక వెలుగు గీత గీస్తుంది. ఆ గీత పైకి లేచి కిందికి దిగుతూ అడుగు ఎత్తెంతో, వేగమెంతో చూపిస్తుంది. పొట్టి కాళ్ళ జంతువు అంతే దూరానికి ఎక్కువ అడుగులు వేయాలి కాబట్టి గీతలు దగ్గర దగ్గరగా కుచ్చిళ్ళలా పడతాయి. నిలిచిన బొమ్మ దాచిన పొట్టితనం కదిలిన బొమ్మలో తనంతట తానే బయటపడుతుంది.

మూడు మిల్లీమీటర్ల బతుకు

ఇది కవిత్వం కాదు, లెక్క. ఉల్లాసంగా పరిగెత్తే కుక్క సెకనుకు మూడు మీటర్లు పోతుందనుకుందాం. సెకనులో వెయ్యో వంతు షట్టరుతో తీస్తే ఆ బొమ్మలో మూడు మిల్లీమీటర్ల పరుగే ఉంటుంది. పదిహేనో వంతుతో తీస్తే ఇరవై సెంటీమీటర్లు ఉంటుంది. మొదటి బొమ్మ కుక్క ఎక్కడుందో చెబుతుంది, రెండోది ఎలా వెళ్తోందో చెబుతుంది. మసక అంటే వివరం లేకపోవడం అని మనకు అలవాటైన అర్థం. నిజానికి అందులో కాలం అనే ఇంకో వివరం దాగి ఉంటుంది. వెంట్రుకల లెక్క తగ్గినంత మేరా అడుగుల లెక్క పెరుగుతుంది.

దీనికి ఎదురు వాదన కూడా బలమైనదే, కాబట్టి దాన్ని ముందే విందాం. 1878లో అమెరికాలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ పరిగెత్తే గుర్రాన్ని వరస కెమెరాలతో తీసినప్పుడు, కంటికి చిక్కని నిజం బయటపడింది. దౌడులో ఒక క్షణం నాలుగు గిట్టలూ నేలను వదిలేస్తాయి, అదీ చిత్రకారులు వేసినట్టు కాళ్ళు బారచాచి కాదు, పొట్ట కిందికి ముడుచుకుని. కాలాన్ని కోసి ఆపినందుకే ఆ నిజం దొరికింది గదా, మసకలో ఏం దొరుకుతుందని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. కాకపోతే మైబ్రిడ్జ్ చూపించిన భంగిమను ఏ మనిషీ ఎప్పుడూ కంటితో చూడలేదు. అది శరీర నిర్మాణానికి సంబంధించిన నిజం. గుర్రాన్ని ప్రేమించేవాడికి తెలిసిన గుర్రం అది కాదు. ఫ్రెంచ్ శిల్పి రోదాన్ ఇదే అభ్యంతరం చెప్పాడు: కాలం నిజంగా ఆగదు కాబట్టి, ఆగినట్టు చూపే ఫొటో కంటే వరస క్షణాలను ఒకే ఒంట్లో ఇమిడ్చే కళాకారుడే నిజానికి దగ్గరివాడని ఆయన వాదన. 1912లో ఇటలీ చిత్రకారుడు జాకొమో బాల్లా గొలుసు కట్టిన ఒక పొట్టికాళ్ళ కుక్క బొమ్మ వేశాడు. అందులో కాళ్ళు లెక్కకందవు, తోకలు ఎన్నో, గొలుసు నాలుగు వంకరలు తిరిగి ఉంటుంది. అయినా చూసినవాడికి అది వింత జంతువులా అనిపించదు, పొట్టి కాళ్ళతో యజమానురాలి అడుగులను అందుకోవాలని ఆత్రపడే కుక్కలా అనిపిస్తుంది. 1950ల్లో ఫొటోగ్రాఫర్ ఎర్నస్ట్ హాస్ స్పెయిన్ ఎద్దుల పోరును నెమ్మది షట్టరుతో రంగుల్లో తీసి, ఇదే పనిని కెమెరాతో చేసి చూపించాడు.

మనకు ఇది దిగుమతి సరుకేమీ కాదు. లేపాక్షిలో 16వ శతాబ్దపు శిల్పి ఒకే ఒంటికి మూడు తలలు పెట్టి ఆవును చెక్కాడు. రెండు తలలను చేత్తో మూసి చూస్తే మిగిలిన తలతో ఆవు ఒక భంగిమలో ఉంటుంది, చెయ్యి జరిపితే ఇంకో భంగిమలోకి మారుతుంది. నిలిచిన రాతిలో తల తిప్పే ఆవును చూపడానికి అతనికి దొరికిన ఉపాయం అది. మూడు తలల ఆవు ఉండదని అతనికి తెలియక కాదు, తల తిప్పని ఆవు కూడా ఉండదని తెలుసు కాబట్టి.

గుడ్డను ముందు సిద్ధం చేయాలి

తిరుపతికి నలభై కిలోమీటర్ల లోపే ఉన్న శ్రీకాళహస్తి కలంకారీ పనిని చూస్తే ఐసీఎం పాఠం సగం వచ్చేసినట్టే. అక్కడ బొమ్మకు అచ్చు ఉండదు. వెదురు పుల్ల చుట్టూ దారంతో కట్టిన ఉన్ని ముద్ద రంగును పీల్చుకుని ఉంటుంది. వేళ్ళతో దాన్ని నొక్కినంతసేపూ రంగు దిగుతుంది, చెయ్యి కదిలినంత దూరం గీత సాగుతుంది. నొక్కడం షట్టరు, కదలడం కెమెరా అనుకోండి. చూసేవాళ్ళకు ఆ చెయ్యి స్వేచ్ఛగా పారుతున్నట్టుంటుంది. కానీ ఆ గుడ్డను అంతకుముందే కరక్కాయ, బర్రెపాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెట్టి ఉంటారు. పాలలోని కొవ్వు రంగును గుడ్డ మీద పాకిపోనివ్వదు. గుడ్డ సిద్ధంగా లేకపోతే ఎంత చేయి తిరిగినవాడు గీసినా గీత గీతలా నిలవదు, మరకవుతుంది. స్వేచ్ఛ చేతిది, కట్టుబాటు గుడ్డది. కెమెరాను ఊపే ముందు మనం సిద్ధం చేసుకోవాల్సిన గుడ్డకు నాలుగు పోగులున్నాయి: వెలుతురు, వెనక దృశ్యం, దూరం, జంతువు మనసు.

వెలుతురు సంగతి ముందు. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు ఐఎస్ఓ 100, ఎపర్చర్ ఎఫ్/16 పెడితే షట్టర్ స్పీడు సుమారు సెకనులో నూరో వంతు వస్తుంది. మనకు కావాల్సిన పదో వంతుకు అది చాలా వేగం. రెండు దారులున్నాయి. ఎనిమిది రెట్లు వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ తగిలిస్తే నూరో వంతు పన్నెండో వంతు దగ్గరికి దిగుతుంది. లేదా ఫిల్టరు కొనే పనిలేకుండా పొద్దు పొడిచిన అరగంటలోనో, పొద్దు వాలే ముందో తీయవచ్చు. అప్పుడు వెలుతురు రెండు మూడు స్టాపులు తక్కువ ఉంటుంది కాబట్టి అదే ఎఫ్/16తో ఇరవయ్యో వంతు, పదిహేనో వంతు తేలిగ్గా వస్తుంది. ఈ రెండో దారే మేలు. వేసవిలో తిరుపతి ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. తారు రోడ్డు, సిమెంటు మిద్దె అంతకంటే కాలతాయి. కుక్క పాదం కింద చెప్పు లేదు. అరచేతి వెనక భాగాన్ని నేలకు ఐదారు సెకన్లు ఆనించి చూడండి. మీరు భరించలేని నేల మీద దాన్ని పరిగెత్తించకండి.

వెనక దృశ్యాన్ని ఎంచుకునేటప్పుడు అక్కడ ఏ వస్తువులున్నాయో మరిచిపోయి, ఏ రంగులున్నాయో చూడండి. కెమెరా కదిలాక వస్తువులు చారలవుతాయి, రంగులే మిగులుతాయి. అడ్డంగా కదిపితే మామిడితోట పచ్చ పట్టీ అవుతుంది, దుక్కి దున్నిన చేను ఎర్ర పట్టీ అవుతుంది. నిలువుగా కదిపితే అదే తోటలో మానుల మొదళ్ళు స్తంభాల్లా సాగుతాయి. నల్ల కుక్కకు సున్నం గోడ, తెల్ల ఆవుకు మామిడి పచ్చదనం, గోధుమరంగు పిల్లికి నీడపట్టు మెట్లు పొసగుతాయి. జంతువూ వెనక దృశ్యమూ ఒకే ఛాయలో ఉంటే రెండూ కలిసిపోయి ముద్దవుతాయి. ఆ బొమ్మను ఏ పద్ధతీ కాపాడలేదు. ఒక్క తెల్లటి కవరు చెట్టుకు చిక్కుకుని ఉన్నా ఫ్రేము ఆ చివరినుంచి ఈ చివరిదాకా తెల్ల గీత పడుతుంది. అందుకని ముందు స్థలం శుభ్రం చేసుకోండి.

దూరం లెక్క చాలామంది పట్టించుకోరు. సెకనుకు మూడు మీటర్లు పోయే కుక్క మీ ముందు మూడు మీటర్ల దూరంలో అడ్డంగా వెళ్తుంటే, దాన్ని వెంబడించే కెమెరా ఆ వేగానికి సెకనుకు సుమారు 57 డిగ్రీలు తిరగాలి. పదిహేనో వంతు సెకనులో నాలుగు డిగ్రీలన్నమాట. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు 50 ఎంఎం లెన్స్ అడ్డంగా సుమారు 40 డిగ్రీలు చూస్తుంది కాబట్టి, వెనక చార ఫ్రేములో పదో వంతు పొడవు వస్తుంది. ఆరు మీటర్లకు వెనక్కి జరిగితే చార సగమైపోతుంది. నాలుగో వంతు సెకనుకు పెంచితే మూడు మీటర్ల దగ్గర ఫ్రేములో మూడో వంతును మించి సాగుతుంది. చారలు చాలలేదనిపిస్తే కెమెరా మార్చనక్కర్లేదు, రెండడుగులు ముందుకేయండి. చారలు మరీ ఎక్కువై కుక్కే కనబడకపోతే వెనక్కి జరగండి.

కదిలించే తీరులు ప్రధానంగా మూడు. జంతువుతో పాటే కెమెరాను తిప్పడం మొదటిది, దీన్నే ప్యానింగ్ అంటారు. ఇందులో తల నిలిచి, కాళ్ళూ లోకమూ కదులుతాయి. పరిగెత్తే కుక్కకు, బుడిబుడి నడిచే ఆవుకు ఇదే సరి. నిలిచిన లేదా పడుకున్న జంతువు మీద కెమెరాను కొద్దిగా పైకో కిందికో జార్చడం రెండోది. ఒళ్ళు విరుచుకునే పిల్లికి, గోడ మీద కూర్చుని తోక వేలాడేసిన పిల్లికి ఇది నప్పుతుంది. షట్టరు తెరిచి ఉన్న సగంసేపు నిలిపి, మిగిలిన సగంసేపు జార్చడం మూడోది. అప్పుడు ఆకారం ఒకసారి గట్టిగా పడి, దాని మీంచి రంగు కారినట్టు వస్తుంది. దీనికి సెకనులో సగమైనా కావాలి. ఏది ఎంచుకోవాలో జంతువు నడకే చెబుతుంది. పిల్లి నడిచేటప్పుడు ముందుకాలు పెట్టిన చోటనే వెనక కాలు పెడుతుంది, వీపు దాదాపు ఒకే ఎత్తులో సాగుతుంది. కాబట్టి నాలుగో వంతు సెకను ఇచ్చినా వీపు గీత చెదరదు. కుక్క దుడుకు నడకలో ఎదురెదురు మూలల కాళ్ళు జతగా లేస్తాయి, ఒళ్ళంతా ఎగిరెగిరి పడుతుంది. దానికి పదిహేనో వంతు నుంచి మొదలుపెట్టడం క్షేమం.

ప్యానింగులో శరీరం ఒడిసెల తిప్పేవాడి శరీరంలా పనిచేయాలి. చేను కాపలా మనిషి రాయి వదిలాక చెయ్యి టక్కున ఆపడు, ఊపును సాగనిస్తాడు. ఆపితే గురి తప్పుతుంది. మీరూ నొక్కకముందే తిప్పడం మొదలుపెట్టి, నొక్కి, ఆ తర్వాత కూడా తిప్పుతూ పోవాలి. జంతువు ఎక్కడికి వచ్చినప్పుడు నొక్కాలనుకుంటున్నారో ఆ దిక్కుకు పాదాలు పెట్టి, నడుము నుంచి తిరగండి, మోచేతులు డొక్కలకు ఆనించండి. కళ్ళు జంతువు కళ్ళ ఎత్తుకు రావాలంటే గొంతుక్కూర్చోక తప్పదు. ఫోకస్ పాయింటు ఒక్కటే పెట్టుకుని దాన్ని తల మీద అంటిపెట్టుకోండి. లెన్సులో వణుకు ఆపే ఏర్పాటు ఉంటే ప్యానింగ్ మోడుకు మార్చండి, ఆ మోడ్ లేకపోతే ఆపేయండి. లేదంటే మీరు కావాలని చేసిన కదలికను అది తప్పనుకుని దిద్దబోతుంది.

నాలుగో పోగు జంతువు మనసు. కదలిక స్వభావాన్ని చూపిస్తుందని వాదిస్తున్నప్పుడు ఏ కదలికైనా సరేననుకోకూడదు. బెదిరిన కుక్క పరుగు భయానిది, కుక్కది కాదు. తోక కాళ్ళ మధ్యకు ముడుచుకుని చెవులు వెనక్కి అణిగిన పరుగును ఎంత అందంగా తీసినా ఆ బొమ్మ అబద్ధం చెబుతుంది. ఈ సీమలో కనుమను పసుల పండగ అంటారు. ఆ రోజు కడిగి, కొమ్ములకు రంగులు పూసి, పూలు చుట్టిన ఇంటి ఆవును వాకిట్లో నెమ్మదిగా నడిపిస్తూ తీయడానికి అంతకంటే మంచి రోజు లేదు. అదే పండగ సాయంత్రం ఊరి బయట చిట్లాకుప్ప అనే మంటకుప్ప అంటించి పసువులను తోలినప్పుడు మంటల వెలుగు కెమెరాను ఊరిస్తుంది. చంద్రగిరి దగ్గర రంగంపేటలో కొమ్ములకు పలకలు కట్టిన ఎద్దులు జనం మధ్యనుంచి దూసుకుపోతాయి. అవి పండగ ఫొటోలకు చోట్లే. పెంపుడు జంతువు వ్యక్తిత్వం వెతికే మన పనికి మాత్రం కాదు. అక్కడ ఆవు తనలా నడవదు. అదే కారణంతో ఫ్లాష్ వాడకండి, చప్పుడు చేసి పరిగెత్తించకండి, పది నిమిషాలకు మించి సాగదీయకండి. ఇంటిమనిషి అవతలి చివర నిలబడి పేరు పెట్టి పిలిస్తే వచ్చే పరుగే దాని సొంత పరుగు.

ఆక్షేపణలు, జవాబులు

చెయ్యి వణికిన ప్రతివాడూ ఇది కళ అని తప్పించుకోవచ్చు గదా అన్నది మొదటి ఆక్షేపణ. తప్పించుకోవచ్చు, కానీ రెండోసారి దొరికిపోతాడు. అదే బొమ్మ మళ్ళీ తీయమనండి. వణికినవాడు తీయలేడు. కదిలించినవాడు ఏ స్పీడు, ఎంత దూరం, ఏ దిక్కు అని చెప్పి, అచ్చం అదే కాకపోయినా అదే కుటుంబంలోని ఇంకో బొమ్మ తీసి చూపిస్తాడు. ఇందులో అదృష్టానికి వాటా ఉంది, కాదనను. వంద ఫ్రేముల్లో రెండు మూడు మిగిలితే చాలనుకునే ఓపిక కావాలి. అయితే ప్రతిసారీ ఒకే ఒక్క అంశం మార్చి, మిగిలినవి కదపకుండా తీసి, ఫలితం రాసిపెట్టుకునేవాడికి ఆ వాటా రోజురోజుకూ తగ్గుతుంది. ఒకేసారి స్పీడు, దూరం, దిక్కు మూడూ మార్చేవాడికి వెయ్యో ఫ్రేము కూడా మొదటి ఫ్రేమే.

కంప్యూటర్లో మసక వేస్తే పోలేదా అన్నది రెండోది. సాఫ్ట్‌వేర్‌లో మోషన్ బ్లర్ అనే బటన్ ఉన్న మాట నిజమే. అది అన్నిటినీ ఒకే దిక్కుకు, ఒకే కొలతలో పూస్తుంది. నడిచే జంతువులో ఏ రెండు భాగాలూ ఒకే తీరున కదలవు. నేల మీద ఆనిన పాదం నిలిచే ఉంటుంది, గాల్లో ఉన్న పాదం ఒంటి కంటే వేగంగా పోతుంది, తోకది వేరే దారి, చెవులది ఇంకో దారి. ఇవన్నీ విడివిడిగా పూసి మెప్పించే నిపుణులూ ఉన్నారు. కానీ అలా పూయాలంటే ఏ పాదం ఎప్పుడు ఆనుతుందో తెలిసి ఉండాలి. అది తెలిసేంత శ్రద్ధగా జంతువును చూసినవాడితో నాకు తగవు లేదు. తగవంతా చూడకుండా పూసేవాడితోనే.

ఖరీదైన కెమెరా లేనివాళ్ళ మాటేమిటన్నది మూడోది. ఫోనులో ప్రో మోడ్ ఉంటే షట్టర్ స్పీడు మార్చుకోవచ్చు. చిక్కల్లా ఫోన్లలో చాలావాటికి ఎపర్చర్ మారదు, కాబట్టి పట్టపగలు పదో వంతు సెకను పెడితే తెల్ల కాగితం వస్తుంది. పొద్దు కుంగాక తీయండి, లేదా ఫోనుకు తగిలించే ఎన్‌డీ ఫిల్టర్ వాడండి. నైట్ మోడ్ మాత్రం వద్దు. చాలా ఫ్రేములు కలిపి కదలికను తుడిచేయడమే దాని పని, మీ పనికి సరిగ్గా ఎదురు.

నాలుగోది అన్నిటికంటే బరువైనది. పెంపుడు జంతువు పదేళ్ళో పదిహేనేళ్ళో ఉండి వెళ్ళిపోతుంది. ఆ తర్వాత ఇంటివాళ్ళకు మిగిలేది ఫొటోనే. అందులో కళ్ళు కూడా కనబడకపోతే ఎలా అని అడిగితే నా దగ్గర ఎదురు మాట లేదు, ఒప్పుకోలే ఉంది. ముందు స్పష్టమైన ఫొటో తీయండి. తప్పిపోతే వెతకడానికి, అమ్మకానికి చూపడానికి, మూతి మీది మచ్చను గుర్తుపెట్టుకోవడానికి దాన్ని మించినది లేదు. ముసలిదై కాళ్ళు ఈడ్చే కుక్కను ప్యానింగ్ కోసం పరిగెత్తించకూడదు కూడా. దాని నెమ్మదే దాని నడక, నాలుగో వంతు సెకనుతో ఆ నెమ్మదినే పట్టుకోండి. ఐసీఎం స్పష్టమైన ఫొటోకు పోటీ కాదు, దాని పక్కన వేలాడే రెండో బొమ్మ. మొదటిది ఎలా ఉండేదో చెబుతుంది, రెండోది ఇంట్లో ఎలా తిరిగేదో చెబుతుంది.

ఒక వారం సాధన

మొదటి రెండు రోజులు కెమెరా ముట్టకండి. జంతువును చూడండి. దాన్ని దూరం నుంచి చూసినా గుర్తుపట్టించే కదలిక ఏదో ఒక్క వాక్యంలో రాయండి. ‘గేటు చప్పుడు వినగానే ముందు వెనకభాగం ఊపి తర్వాత పరిగెత్తుతుంది’ అన్నంత కచ్చితంగా ఉండాలి. ‘చురుగ్గా ఉంటుంది’ అని రాస్తే చూడనట్టే లెక్క. మూడో రోజు ఆ కదలిక జరిగే చోట నిలబడి వెలుతురు, వెనక రంగు, దూరం తేల్చుకోండి. నాలుగో రోజు పదిహేనో వంతుతో ముప్పై ఫ్రేములు, ఐదో రోజు ఎనిమిదో వంతుతో ముప్పై, ఆరో రోజు నాలుగో వంతుతో ముప్పై తీయండి. చోటు, సమయం, దిక్కు మార్చకండి. మూడు రోజుల వాటినీ పక్కపక్కన పెడితే ఏ స్పీడు దగ్గర జంతువు ఇంకా జంతువుగా ఉందో, ఏ స్పీడు దగ్గర వట్టి రంగుల చార అయిపోయిందో కంటికే తెలుస్తుంది. ఆ రెండిటి నడుమ గీత ఒక్కో జంతువుకు ఒక్కో చోట ఉంటుంది. దాన్ని ఏ పుస్తకమూ చెప్పలేదు, ఈ పుస్తకం కూడా.

ఏడో రోజు తీర్పు. మీకు బాగా నచ్చిన బొమ్మను స్నేహితులకో సాటి ఫొటోగ్రాఫర్లకో చూపించకండి. వాళ్ళు చారల అందం చూస్తారు. ఆ జంతువుతో కలిసి పెరిగే పిల్లలు ఇంట్లో ఉంటే వాళ్ళకు చూపించండి, ఏమీ చెప్పకుండా. పాప ‘ఇదేంది?’ అంటే బొమ్మ ఎంత అందంగా ఉన్నా చెరిపేసి, మళ్ళీ మొదటి రోజు నుంచి చూడడం మొదలుపెట్టండి. బొమ్మ అందకముందే దాని పేరు పలికిందా, కళ్ళూ మూతీ సరిగా లేకపోయినా సరే, గోడకు మేకు కొట్టండి.